పోయేటప్పుడు ట్యాంకులు, వచ్చేటప్పుడు స్ట్రెచర్లు

(విశాఖపట్నంలోని ఒక గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. వక్త ఓడల మరమ్మతు పనిలో ముప్పై ఏళ్లకు పైగా ఉండి రిటైరైన ఇంజనీరు. రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? సరే.

ముందు మిమ్మల్నొక మాట అడుగుతాను. నరసాపురం దగ్గర గోదావరి దాటి సఖినేటిపల్లి వెళ్లడానికి పంటు ఎక్కినవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. పర్లేదే, సగం మంది పైనే ఉన్నారు. అయితే నా పని సగం అయిపోయినట్టే. పంటుకి అడుగు చదునుగా ఉంటుంది. రేవుకొచ్చి గట్టుకి ఆనుతుంది. ముందున్న పలక దింపితే దాని మీంచి కార్లూ బళ్లూ నేరుగా ఒడ్డెక్కేస్తాయి. క్రేను అక్కర్లేదు, జెట్టీ అక్కర్లేదు. ఇవాళ నేను చెప్పబోయే ఓడ కూడా పంటే. కాకపోతే దాని పొడుగు 328 అడుగులు, అది అట్లాంటిక్ మహాసముద్రం దాటుతుంది, అవతలి ఒడ్డున తుపాకీ ఎక్కుపెట్టి మనిషి కూర్చుని ఉంటాడు.

ఆ ఓడ రకం పేరు ఎల్‌ఎస్‌టీ. ల్యాండింగ్ షిప్, ట్యాంక్. యుద్ధ ట్యాంకుల్ని ఒడ్డుకి దింపే ఓడ అని. ఆ రకంలో ఒక్క ఓడ జీవితం చెబుతాను మీకు. దాని నంబరు 325. పేరు లేదు. ఈ ఓడలకి అమెరికా నౌకాదళం పేర్లు పెట్టలేదు, రెండో ప్రపంచ యుద్ధమంతా నంబర్లతోనే నడిపింది. లారీకి పేరెందుకు, నంబరు ప్లేటు చాలు అన్న లెక్క.

నాకు దీని మీద మోజు ఎలా పుట్టిందంటే, మా అమ్మాయి ఇండియానా రాష్ట్రంలో ఉంటుంది. మొన్న వెళ్లినప్పుడు, "నాన్నా, ఎవాన్స్‌విల్ అనే ఊళ్లో నది ఒడ్డున పాత యుద్ధనౌక ఉందట, చూస్తావా?" అంది. అక్కడికి వెళ్లిన అమ్మానాన్నల సంగతి మీకు తెలుసు కదా. మాల్ చూపిస్తారు, గుడి చూపిస్తారు, తర్వాత ఏం చూపించాలో తోచదు. (నవ్వులు) సరే పదమన్నాను. వెళ్లి చూద్దును కదా, అది మ్యూజియంలో పెట్టిన బొమ్మ కాదు. ఇంజన్లు నడుస్తున్నాయి. 1942లో కట్టిన ఓడ ఇప్పటికీ ఏడాదికోసారి సొంత ఇంజన్ల మీద నదిలో ప్రయాణం చేసి చుట్టుపక్కల ఊళ్లు చూసి వస్తుంది. ముప్పై ఏళ్లు ఓడలు బాగుచేసినవాణ్ణి, నాకు కాళ్లు ఆడలేదు అక్కడ.

ఈ ఓడ ఎందుకు పుట్టిందో ముందు చెప్పాలి. 1940లో డంకర్క్ దగ్గర బ్రిటిష్ సైన్యం ఫ్రాన్స్ నుంచి పడవల మీద ఇంటికి పారిపోయింది. మనుషులు వచ్చారు. ట్యాంకులు, లారీలు, ఫిరంగులు అక్కడే ఉండిపోయాయి. అంత బరువు ఎత్తుకురావడానికి ఓడల్లేవు. మళ్లీ ఎప్పుడో ఒకనాడు ఆ ఒడ్డుకే వెళ్లాలి. వెళితే ట్యాంకులతో వెళ్లాలి. రేవు పట్టణాలు శత్రువు చేతిలో ఉంటాయి కాబట్టి ఉత్త ఇసక మీద దించాలి. ఎలా?

ఇక్కడ కూర్చున్న మెరైన్ ఇంజనీరింగ్ పిల్లలు వినాలి ఇది. సముద్రం దాటే ఓడకి లోతు కావాలి. నీటిలోకి బాగా దిగి ఉంటేనే అలలకి తట్టుకుంటుంది. ఒడ్డెక్కే ఓడకి లోతు ఉండకూడదు, ఉంటే దూరంలోనే నేలకి తగిలి ఆగిపోతుంది. రెండూ ఒక్క ఓడలో కుదరవు. అందుకని బ్రిటన్ వాళ్లు మొదట వెనిజువెలాలో ఒక లోతు తక్కువ సరస్సు కోసం కట్టిన చమురు ఓడల్ని తెచ్చి, ముక్కు కోసి, తలుపు పెట్టి చూశారు. పని నడిచింది గానీ సరిపోలేదు. అమెరికాని అడిగారు. 1941 నవంబరులో జాన్ నీడర్‌మెయర్ అనే నౌకా రూపశిల్పి కొద్ది గంటల్లో ఒక స్కెచ్ గీశాడు. అందులో కిటుకేంటంటే, సబ్‌మెరైన్ చేసే పనే. సముద్రం మీద ఉన్నంతసేపు అడుగున ఉన్న తొట్లలో నీళ్లు నింపుకో, ఓడ బరువెక్కి దిగుతుంది. ఒడ్డు దగ్గర పడ్డాక ఆ నీళ్లు బయటికి తోడేయ్, ఓడ తేలికై పైకి లేస్తుంది. బ్యాలస్ట్ అంటాం మనం. అలా నీళ్లు నింపుకుని సముద్రం మీద వెళ్లేటప్పుడు ముందు 8 అడుగులు, వెనక 14 అడుగులు మునిగి ఉంటుంది. ఒడ్డుకి పోయేటప్పుడు ముందు 4, వెనక 10. ముందు నాలుగడుగులంటే మన నడుము పైదాకా అంతే! నాలుగువేల టన్నుల ఓడ. వెనక ఎక్కువ, ముందు తక్కువ ఎందుకంటే ఇసక తీరం కూడా వాలుగానే ఉంటుంది కదా, యాభై అడుగులకి ఒక్కడుగు వాలు అనుకుని లెక్క కట్టారు.

ఒడ్డెక్కడం ఒక ఎత్తయితే దిగడం ఇంకో ఎత్తు. ఇసకలో కూరుకున్న ఓడని వెనక్కి ఎవరు లాగుతారు? అందుకు వెనక భాగాన పెద్ద లంగరు, ఒక వించి, అంటే తాడు చుట్టే యంత్రం. ఒడ్డు ఇంకా దూరంగా ఉండగానే వెనక లంగరు నీళ్లలో వదిలేసి, తాడు వదులుకుంటూ ముందుకి పోతారు. ట్యాంకులు దిగాక వించి తిప్పితే, తన లంగరు తాడు తనే పట్టుకుని ఓడ వెనక్కి జరుగుతుంది. బావిలోకి దిగినవాడు తాను కట్టుకున్న తాడే పట్టుకుని పైకొచ్చినట్టు. ఈ ఓడలో నాకు బాగా నచ్చింది ఇదే. వెళ్లడం గురించి అందరూ ఆలోచిస్తారు. వీళ్లు తిరిగి రావడం గురించి కూడా ముందే ఆలోచించారు. నా కథంతా ఆ వెనక లంగరు చుట్టూనే తిరుగుతుంది.

ఇంకొక చిన్న సంగతి. లోపల ట్యాంకులు నిలబెట్టే డెక్కు ఒక పొడుగాటి ఇనప సొరంగం లాంటిది. షెర్మన్ ట్యాంకులు ఇరవై దాకా పడతాయి. ఒడ్డు చేరేముందు అన్నీ ఒకేసారి ఇంజన్లు ఆన్ చేస్తే ఆ పొగకి లోపలి మనుషులు ఊపిరాడక పోతారు. అందుకని 1942లో కెంటకీ రాష్ట్రంలో, ఫోర్ట్ నాక్స్ సైనిక స్థావరంలో, సముద్రానికి వందల మైళ్ల దూరంలో, అచ్చం ఈ ట్యాంక్ డెక్కు లాంటి ఇల్లొకటి కట్టి, అందులో ట్యాంకులు నడిపి ఫ్యాన్లు ఎన్ని కావాలో తేల్చారు. నేలమీద ఓడ కట్టారన్నమాట. ఆ కట్టడం ఇంకా ఉంది.

సరే, 325 సంగతికి వద్దాం. ఫిలడెల్ఫియా నేవీ యార్డులో 1942 ఆగస్టు 10న పని మొదలైంది. అక్టోబరు 27న నీళ్లలోకి దింపారు. ఎన్ని రోజులు లెక్కపెట్టండి. 78 రోజులు! మనం ఒక టెండరు పిలిచి, కొటేషన్లు తెరిచేసరికి అంతకంటే ఎక్కువ అవుతుంది. (నవ్వులు) 1943 ఫిబ్రవరి 1న నౌకాదళంలో చేరింది. యుద్ధం ముగిసేలోపు అమెరికా ఈ రకం ఓడలు 1,051 కట్టింది. సముద్రం ఒడ్డున ఉన్న యార్డులన్నీ పెద్ద యుద్ధనౌకల పనిలో ఉండటంతో, దేశం నడిమధ్య నదుల ఒడ్డున, మొక్కజొన్న చేల పక్కన కొత్త యార్డులు పెట్టారు. నేను చూసొచ్చిన ఎవాన్స్‌విల్ అలాంటిదే. అక్కణ్ణుంచి సముద్రం నది వెంట వెయ్యి మైళ్లకు పైనే. అంతకు ముందు సముద్రం ఓడ ఎలా ఉంటుందో చూడని ఊరు 167 ఎల్‌ఎస్‌టీలు కట్టి నదిలోకి అడ్డంగా దొర్లించింది. 19 వేల మందికి పైగా పనిచేశారు, వాళ్లలో వెల్డింగ్ చేసిన ఆడవాళ్లు బోలెడంత మంది. 325 ఆ ఊళ్లో పుట్టలేదు. ఆ ఊరు దాన్ని పెంచుకుంటోంది అంతే.

రెండు డీజిల్ ఇంజన్లు. ఒక్కోటి 900 హార్స్ పవరు. అమెరికా రైలింజన్లలో వాడే జనరల్ మోటార్స్ రకమే. కొత్తగా ఏదీ కనిపెట్టలేదు, ఉన్నదే తెచ్చి బిగించారు. పూర్తి వేగం 12 నాట్లు, అంటే గంటకి 22 కిలోమీటర్లు. సైకిలు తొక్కేవాడు దాటేస్తాడు. ఎల్‌ఎస్‌టీ అంటే "లార్జ్ స్లో టార్గెట్" అని అందులో పనిచేసినవాళ్లే వెక్కిరించుకునేవారు. పెద్దగా, నిదానంగా, గురి తప్పే పనిలేకుండా ఉంటుందని. అడుగు చదును కాబట్టి అలల మీద మామూలు ఓడలా కోసుకుంటూ పోదు. ఎక్కి, పడి, దబ్బున చరుచుకుంటుంది. సముద్రం మీద కక్కోవడం అలవాటు లేని సైనికుల గతి ఊహించుకోండి.

మొదట ఉత్తరాఫ్రికా వెళ్లింది, అల్జీరియాలోని ఒరాన్‌కి. 1943 జులైలో సిసిలీ. అక్కడ గేలా తీరంలో దిగిన జనరల్ పాటన్ సైన్యం వెనక రిజర్వు దళంలో ఉంది. సెప్టెంబరులో ఇటలీలోని సలెర్నో. ఈ రెండిటి గురించీ చెప్పాలంటే చాలా ఉంది గానీ నాకు టైం లేదు. ఒక్కటే చెబుతా. ఆ ఏడాది నవంబరులో ఇంగ్లాండు వెళ్లే కాన్వాయ్‌లో ఉండగా జర్మన్ విమానాలు రేడియోతో తిప్పే బాంబులు వదిలాయి. వదిలాక కూడా విమానంలోంచి దాన్ని అటూఇటూ నడపొచ్చు. ఇప్పుడు మనం డ్రోన్లని మాట్లాడుకుంటున్నామే, దాని ముత్తాత.  325కి ఏదీ తగల్లేదు.

తర్వాత నార్మండీ. జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్ ఉత్తర తీరం, అమెరికా, బ్రిటన్ సైన్యాలు దిగింది అక్కడే. 1944 జూన్. దీనికి ముందు ఏప్రిల్ 28న ఇంగ్లాండు తీరంలోనే రిహార్సల్ చేస్తుండగా జర్మన్ టార్పెడో పడవలు వచ్చి రెండు ఎల్‌ఎస్‌టీలని ముంచేశాయి. 749 మంది పోయారు. రిహార్సల్‌లో! ఇది బయటికి పొక్కకుండా చాలాకాలం దాచారు. 325 అందులో లేదు.

జూన్ 5న ఫాల్మత్ రేవు నుంచి బయల్దేరింది. సినిమాల్లో మీరు చూసే మొదటి రోజు, ఆరో తేదీ, దీనిది కాదు. ఇది వెనక వచ్చే దళం. ఓడలో 59 వాహనాలు, 30 మంది ఆఫీసర్లు, 396 మంది సైనికులు. వీళ్లతోపాటు 38 మంది నౌకాదళ వైద్య సిబ్బంది. ఆ 38 మంది ఎందుకో కాస్త ఆగి చెబుతాను. ఏడో తేదీన, ఒమాహా అని మారుపేరు పెట్టుకున్న నార్మండీ తీరం ఎదట లంగరేసి సరుకంతా చిన్న పడవల్లోకి, నీళ్లలోనూ నేలమీదా నడిచే డక్ లారీల్లోకి దించింది. అంటే ఒడ్డెక్కడం కోసమే కట్టిన ఓడ, ఆ రోజు ఒడ్డెక్కలేదు.

ఎందుకంటే భయం. నార్మండీలో సముద్రం పోటుకీ పాటుకీ తేడా చాలా ఎక్కువ. మన విశాఖలో ఆరడుగులు దాటదు. అక్కడ పౌర్ణమికీ అమావాస్యకీ ఇరవై అడుగుల పైనే. పోటు మీద ఒడ్డెక్కితే, నీళ్లు వెనక్కి పోయాక ఓడ మొత్తం పొడి ఇసక మీద కూర్చుంటుంది. ఇసక ఎగుడుదిగుడుగా ఉంటే హల్, అంటే ఓడ ఒళ్లే విరగొచ్చు. నీళ్లు తోడేసి ఓడలు బాగుచేసే డ్రై డాకులో ఓడని దిమ్మల మీద కూర్చోబెట్టడానికి మేం ఎంత టెన్షన్ పడతామో, దిమ్మ ఒక్క అంగుళం తేడా ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు. వాళ్లు దిమ్మల్లేకుండా, సముద్రం అడుగున కూర్చోబెట్టాలి. రెండు మూడు రోజులు తటపటాయించి, దింపుడు నత్తనడక నడుస్తోందని చివరికి తెగించారు. ఏమీ కాలేదు. చదును అడుగు కదా, పంటులాగే నింపాదిగా కూర్చుంది. ముందు తలుపులు తెరిచి, పలక దించి, లారీలు టైర్లు తడవకుండా దిగిపోయాయి. మళ్లీ పోటు వచ్చాక తేలి, వెనక లంగరు పట్టుకుని వెళ్లిపోయింది.

దీనికి ఒక ఫొటో ఉంది. 1944 జూన్ 12న తీసింది. పక్కపక్కన రెండు ఎల్‌ఎస్‌టీలు, ఎడంవైపుది మన 325. చుట్టూ నీటి చుక్క లేదు. ఓడ వెనకవైపు నుంచి తీశారు. మామూలుగా నీళ్ల కింద ఉండి ఎవరికీ కనపడనివన్నీ కనిపిస్తాయి. రెండు ప్రొపెల్లర్లు, రెండు చుక్కానులు, పైన వేలాడుతున్న వెనక లంగరు. మీకు అదొక యుద్ధం ఫొటోలా ఉంటుంది. నాకు డ్రై డాకు ఫొటోలా ఉంటుంది. ప్రొపెల్లర్ రెక్క అంచు ఎక్కడన్నా వంగిందా అని నా కళ్లు ముందు అటు పోయాయి. వృత్తి రోగం.

ఇప్పుడా 38 మంది. ట్యాంకులు దిగాక ఈ ఓడ లోపల ఏముంటుంది? ఖాళీ. సినిమా హాలంత ఖాళీ. ఒడ్డు మీద ఏముంది? గాయపడ్డవాళ్లు. నార్మండీకి వెళ్లే ఎల్‌ఎస్‌టీల ట్యాంక్ డెక్కు గోడలకి ముందే ఇనప బ్రాకెట్లు బిగించి పెట్టారు. ట్యాంకులు వెళ్లగానే ఆ బ్రాకెట్లలో స్ట్రెచర్లు రైలు బెర్తుల్లా ఒకదాని మీద ఒకటి తగిలించొచ్చు. అలా 147 స్ట్రెచర్లు పడతాయి. డెక్కు చివర ఆపరేషన్ చేసే చోటు. గంట క్రితం ట్యాంకుల నూనె కారిన నేల అది, దాన్ని కడిగి అక్కడే. నార్మండీ తీరం నుంచి ఎల్‌ఎస్‌టీలు ఇలా ఇంగ్లాండుకి చేర్చిన క్షతగాత్రులు 41,035 మంది.

నేను ఎవాన్స్‌విల్‌లో ఆ ట్యాంక్ డెక్కులో నిలబడ్డాను. డీజిలు, కొత్త పెయింటు కలిసిన వాసన, మన యార్డు వాసనే. ఎవరైనా ఆ చివర మాట్లాడితే ఈ చివర మోగుతుంది. మా మనవడు అరిచి చూశాడు, వాడికి సరదా. నాకు మాత్రం, బాధతో మూలుగుతున్న నూటయాభై మంది అక్కడ ఉంటే ఆ శబ్దం ఎలా ఉండేదా అనిపించింది. పుస్తకాల్లో మనం చదివేదంతా పోయే ట్రిప్పు. బాణం గుర్తులు వేసిన మ్యాపులు చూడండి, అన్నీ ఒడ్డువైపే చూపిస్తాయి. వెనక్కి వచ్చే ట్రిప్పుకి బాణం ఉండదు. కానీ ఓడ లాగ్‌బుక్కులో రెండూ సమానమే. ఎన్నిసార్లు వెళ్లిందో అన్నిసార్లూ రావాలి కదా.

325 అలా 1944 జూన్ నుంచి 1945 ఏప్రిల్ దాకా ఇంగ్లీష్ ఛానల్‌ని నలభైసార్లకు పైగా దాటింది. ఒమాహా, యూటా, గోల్డ్, జూనో అనే నార్మండీ తీరాలు, తర్వాత సీన్ నదిలోకి వెళ్లి రువాన్ దాకా. ఇందులో చెప్పుకోదగ్గ వీరగాథలేం లేవు. లోడు, అన్‌లోడు, లోడు. ఆర్టీసీ సర్వీసు లాగా. ఒక్క రోజు తప్ప.

1944 డిసెంబరు 28. ఎంపైర్ జావెలిన్ అనే ఓడ సుమారు పదిహేను వందల మంది అమెరికన్ సైనికులతో సౌతాంప్టన్ నుంచి ఫ్రాన్స్ వెళుతోంది. దారిలో దెబ్బతిని మునిగిపోవడం మొదలెట్టింది. అప్పుడు 325 వెళ్లి సుమారు 700 మందిని కాపాడటంలో సాయపడింది. కెప్టెన్ పేరు క్లిఫర్డ్ మోజియర్. ఆయనకి దీనికి కాంస్య నక్షత్రం పతకం ఇచ్చారు. చూడండి చిత్రం. సిసిలీ, సలెర్నో, నార్మండీ అన్నీ చూసిన ఓడ. దాని కెప్టెన్‌కి పతకం తెచ్చింది ట్యాంకులు దింపిన రోజు కాదు, మనుషుల్ని ఎక్కించుకున్న రోజు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. ఇందులో శత్రువే లేడు. 1945 మే, యూరప్‌లో యుద్ధం అయిపోయింది. ఓడ బెల్‌ఫాస్ట్ నుంచి అమెరికాకి బయల్దేరింది. ఇంటికి. రెండు రోజులకే అట్లాంటిక్‌లో తుపాను. ఈ చదును అడుగు ఓడ ఒక పెద్ద అలలోకి ముక్కు దూర్చేసింది. పైడెక్కుకి అడ్డంగా చీలిక వచ్చింది.

అడ్డంగా చీలిక అంటే ఏమిటో ఇక్కడ ఇద్దరు ముగ్గురికైనా తెలుసు, మొహాలు చూస్తేనే తెలుస్తోంది. అప్పట్లో రివెట్ల బదులు వెల్డింగ్‌తో కొత్తగా ఓడలు కడుతున్నారు. వెల్డింగ్ చేసిన ఓడ ఒకటే రేకు లాంటిది. రివెట్ల ఓడలో చీలిక ఆ పలక అంచుతో ఆగుతుంది. వెల్డింగ్ ఓడలో ఆగదు, చల్లటి నీళ్లలో ఇనుము పెళుసై, చీర చింపినట్టు పోతుంది. ఆ రోజుల్లో సరుకు ఓడలు కొన్ని రెండు ముక్కలైపోయాయి. నా ఉద్యోగం కొత్తలో ఒక పాత బార్జి డెక్కు మీద జానెడు చీలిక కనిపించింది. ఎవరిదని అడక్కండి. చీలిక చివర చిన్న డ్రిల్లు రంధ్రం పెట్టాలి ముందు, దాంతో అది ముందుకు పాకదు. తర్వాతే వెల్డింగ్. మా పైనున్నాయన టైం లేదు, మీద వెల్డింగ్ లాగించెయ్యమన్నాడు. లాగించాం. మర్నాడు పొద్దున చూస్తే మా వెల్డింగ్ చెక్కుచెదరలేదు, దాన్ని వదిలేసి చీలిక పక్కనుంచి మూరెడు పాకింది. అది రేవులో కట్టేసి ఉన్న బార్జి. తుపానులో, నడిసముద్రంలో, మీద నీళ్లు కొడుతుండగా, కాలి కింద డెక్కు తెరుచుకుని మూసుకుంటుంటే ఆ 325 ఫిట్టర్లు ఇనప పలకలు తెచ్చి ఆ చీలిక మీద అడ్డంగా బిగించారు. డబ్లర్ ప్లేట్లంటాం మేము. ఓడ విరగలేదు. మే 31న నార్‌ఫోక్ చేరింది. ఆ ఫిట్టర్ల పేర్లు ఏ పతకాల జాబితాలోనూ నాకు కనపడలేదు. ఫిట్టర్ల పేర్లు ఎక్కడుంటాయి లెండి.

పసిఫిక్‌కి పంపుదామని సిద్ధం చేస్తుండగానే ఆగస్టులో జపాన్ లొంగిపోయింది. 1946 జులై 2న సర్వీసు నుంచి తీసేశారు. మొత్తం మూడున్నరేళ్లు కూడా లేదు. 1,051 ఓడల్లో శత్రువు చేతిలో పోయినవి 26, తుపాన్లకీ ప్రమాదాలకీ 13. "లార్జ్ స్లో టార్గెట్" అని వెక్కిరించినా, మిగిలినవన్నీ బతికాయి. బతికి ఏం లాభం, చాలావాటిని తుక్కుకి అమ్మేశారు. యుద్ధం దాటాక ఎన్నేళ్లు ఉంటుందని ఎవరూ లెక్కేసి కట్టలేదు వీటిని.

మన నౌకాదళానికి కూడా ఈ జాతి ఓడ వచ్చింది. బ్రిటన్ కట్టిన ఎల్‌ఎస్‌టీ ఒకటి 1949లో మనం తీసుకుని "మగర్" అని పేరు పెట్టాం. మగర్ అంటే మొసలి. నీళ్లలోంచి గట్టెక్కేది, పేరు భలే కుదిరింది. ఆ పేరే తర్వాత కలకత్తాలో కట్టి 1987లో నౌకాదళంలో చేర్చిన ఓడకి పెట్టారు. ఆ రెండో మగర్‌ని మీలో చాలామంది చూసే ఉంటారు, మన విశాఖ రేవులోనే ఉండేది. దాని జత ఓడ "ఘరియాల్" హల్ మన హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టిందే. ముక్కు తెరిచి లోపలి వాహనాలు దింపే పద్ధతి అదే, 1941 నవంబరు స్కెచ్.

325ని 1951లో మళ్లీ లేపారు. ఈసారి ఉత్తరాన మంచు సముద్రాలకి, లాబ్రడార్, గ్రీన్‌లాండ్ వైపు. రష్యా విమానాల్ని కనిపెట్టే రాడార్ స్టేషన్లు కడుతుంటే వాటికి సామాను మోసింది. రేవులు లేని చోటికి సామాను చేర్చాలంటే ఇంకేం పనికొస్తుంది మరి. 1964 సెప్టెంబరులో గ్రీసుకి ఇచ్చేశారు. అప్పుడు పుట్టిన ఇరవై రెండేళ్లకి దానికి పేరొచ్చింది. సిరోస్. ఏజియన్ సముద్రంలో ఒక ద్వీపం పేరు. గ్రీసు వాళ్లు దాన్ని 1999 దాకా వాడారు. ముప్పై అయిదేళ్లు! అమెరికా వాళ్లకి ఇది యుద్ధనౌక. కానీ నన్నడిగితే, అది ఇవాళ బతికి ఉందంటే కారణం ఆ పేరు తెలియని గ్రీకు మెకానిక్కులు. ముప్పై అయిదేళ్లు ఒక పాత ఇంజన్‌కి నూనె మార్చడం, వాల్వులు చూడటం, ఓడ అడుగున మురికినీళ్లు చేరే బిల్జ్ కడగటం ఎంత విసుగు పనో నాకు తెలుసు. దాని మీద ఎవరూ సినిమా తీయరు.

ఇక చివరి ట్రిప్పు. 2000 సంవత్సరం. ఎల్‌ఎస్‌టీల్లో పనిచేసిన ముసలివాళ్లు కొందరు ఒక సంఘంగా ఏర్పడి, ఒక్క ఓడనైనా ఇంటికి తెచ్చుకోవాలని గ్రీసు వెళ్లారు. క్రీట్ దీవిలో సూడా బే అనే చోట ఓడ కట్టేసి ఉంది. ఎండల్లో నెలల తరబడి తుప్పు గోకి, పైపులు మార్చి, ఇంజన్లు లేపారు. వాళ్లలో ఒకాయన అక్కడే చనిపోయాడు. సగటు వయసు 72. ఓడ వయసు 58. అంటే సగటు లెక్కన వాళ్లకంటే ఓడే కుర్రది! (నవ్వులు) కెప్టెన్ ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన రాబర్ట్ జార్న్‌లిన్. ఇంధనం ఒక చమురు కంపెనీ ఉచితంగా ఇచ్చింది. అయినా ఈ వయసులో, ఈ ఓడలో, చలికాలం అట్లాంటిక్ దాటడమేంటని వద్దన్నవాళ్లు ఉన్నారు. నేనుంటే నేనూ వద్దనేవాణ్ణి, నిజం చెప్పాలి. ఒక ఇంజనీరుగా ఆ కాగితం మీద సంతకం పెట్టను.

నవంబరు మధ్యలో క్రీట్ వదిలి జిబ్రాల్టర్ చేరారు. డిసెంబరు 12న అక్కణ్ణుంచి 28 మంది బయల్దేరారు. క్రిస్మస్, కొత్త సంవత్సరం రెండూ సముద్రం మీదే. క్రీట్ నుంచి లెక్కేస్తే ఆరువేల మైళ్లకు పైగా, ఆ 1942 నాటి హల్ మీద. 2001 జనవరి 10న అలబామా రాష్ట్రంలో మొబీల్ రేవుకి వచ్చింది. ఈసారి ట్యాంక్ డెక్కులో ట్యాంకుల్లేవు, స్ట్రెచర్లూ లేవు. ఒడ్డున జనం నిలబడి ఉన్నారట చేతులూపుతూ. 2005 నుంచి ఎవాన్స్‌విల్‌లో ఉంటోంది.

దిగేటప్పుడు నేనొక పని చేశాను, మా అమ్మాయి నవ్వింది. వెనక భాగానికి వెళ్లి ఆ లంగరు, ఆ వించి చూపించమన్నాను. చూపించారు. వించి మీద చెయ్యేస్తే కొత్తగా పూసిన గ్రీజు అంటింది. రుమాలుతో తుడుచుకుని వచ్చేశాను.

ప్రశ్నలుంటే అడగండి. ఆ వెనక బాబు ఇందాకట్నుంచి చెయ్యెత్తుతున్నాడు, మైకు అటు ఇవ్వండి.